పాము, కోతి, తేనెటీగ ఇంటి దాకా వస్తే: బెజవాడ ఇళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద నీళ్ళు సింగ్‌నగర్, పాయకాపురం వైపు తగ్గుముఖం పట్టాక, ఇల్లు కడగడానికి సాయంగా మా చిన్నమ్మ ఇంటికి వెళ్ళాం. గది నిండా బురద. వాషింగ్ మెషీన్ పక్కన తడిసి ముద్దైన బియ్యం బస్తా ఉంది. చిన్నమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగబోతుంటే, "ఆగు పిన్నీ, ముందు కర్రతో తట్టు" అన్నాను. రెండు దెబ్బలకు ఏమీ కదల్లేదు. మూడోసారి బస్తా అంచును కర్రతో ఎత్తితే కింద నల్లగా మెరుస్తూ, ఒంటి మీద సన్నటి తెల్ల గీతలతో ఒక పాము చుట్ట చుట్టుకుని ఉంది. బుసకొట్టలేదు, పారిపోలేదు. తలను ఒంటి కింద దాచుకుంది. కట్లపాము పగటిపూట అలాగే ముడుచుకుపోతుంది. మన దేశంలో ఎక్కువ మంది ప్రాణాలు తీసే నాలుగు పాముల్లో అదొకటి.

బయటికి వచ్చి తలుపు వేశాం. తలుపు కింద సందులో తడి చీర కుక్కి, పాములు పట్టే కుర్రాడికి ఫోన్ చేశాం. గంటన్నరకు వచ్చాడు, డబ్బాలో పెట్టుకుని కొండపల్లి అడవి వైపు తీసుకెళ్ళాడు. నీళ్ళు మన ఇంట్లోకి వచ్చినట్టే దాని బొరియలోకీ వచ్చాయి. దానికి పొడి చోటు కావాల్సొచ్చింది.

అప్పటి నుంచి ఏ జీవి కనిపించినా ముందు ఒక్కటే అడుగుతాను: ఇది ఇక్కడికి దేనికి వచ్చింది? తిండికా, నీళ్ళకా, దాక్కోవడానికా? ఆ జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. కింద రాసినవన్నీ ఆ ప్రశ్న నుంచే వచ్చాయి. పాము గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

మొదటి పని: ఇంటి చుట్టూ ఒక గంట తిరగండి

మన ఊరు కొండలకూ నీళ్ళకూ మధ్య ఇరుక్కుని ఉంది. ఇటు ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు. అటు కృష్ణ, బుడమేరు, ఊరి మధ్యలోంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. కాలువ గట్లు మనకు అడ్డం, ఈ జీవులకు రోడ్లు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉన్నాం కదా అనుకోవద్దు, పైపులు పట్టుకుని ఎక్కే పాములూ ఉన్నాయి.

సాయంత్రం వెలుతురు ఉండగానే బయటికి రండి. ముందు ఎలుకల సంగతి చూడండి. పాము మనిషి కోసం రాదు, ఎలుక కోసమో కప్ప కోసమో వస్తుంది. తెల్లారి చెత్తబండి వస్తుందని రాత్రే చెత్త సంచి గుమ్మం బయట పెడితే రాత్రంతా ఎలుకలకు విందు పెట్టినట్టే. మూత గట్టిగా పడే బకెట్‌లో ఉంచి పొద్దున్నే బయట పెట్టండి. కుక్కలకు, పిల్లులకు అన్నం పెట్టేవాళ్ళు పెట్టండి, కానీ అవి తిన్నాక మిగిలింది తీసేయండి.

ఎలుకల మందు మాత్రం పెట్టకండి. దుకాణాల్లో దొరికే మందుల్లో చాలావాటికి ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని పట్టి తిన్న గుడ్లగూబో పిల్లో కూడా పోతుంది. అంటే మన తరఫున ఎలుకలు పట్టే జీవాలను మనమే చంపుకుంటున్నాం. పాతకాలపు బోను చాలు.

జిగురు అట్టలూ వద్దు. మా కింద వాటాలో ఒకరు స్టోర్‌రూమ్‌లో అలాంటి అట్ట పెడితే దానికి జెర్రిపోతు పిల్ల అతుక్కుంది. విడిపించుకోవాలని మెలికలు తిరిగేకొద్దీ ఒళ్ళంతా అంటుకుపోయింది, పొలుసులు లేచిపోయాయి. పాములు పట్టే అతను వచ్చి దాని తలను గుడ్డతో అదిమి పట్టుకుని, వంటనూనె చుక్క చుక్కగా పోస్తూ వేలితో ఒక్కో అంగుళం విడదీశాడు. నలభై నిమిషాలు పట్టింది. జెర్రిపోతుకు విషం లేదు. ఎలుకలను తినడంలో దాన్ని మించింది లేదు.

తరవాత కన్నాలు. మీ చూపుడు వేలు దూరే సందు ఉంటే చిన్న పాము కూడా దూరుతుంది. బాత్‌రూమ్ తూముకు, వంటింటి నీళ్ళు పోయే గొట్టానికి, పైకి పోయే గాలి గొట్టానికి సన్న కన్నాల జాలీ పెట్టించండి. కన్నం ఆరు మిల్లీమీటర్లు దాటకూడదు. ఏసీ పైపు గోడలోంచి పోయేచోట చుట్టూ ఉన్న ఖాళీని సిమెంటుతో పూడ్పించండి. ఈ ఒక్కటీ అందరూ మర్చిపోతారు. వీధి తలుపు కింద వెలుతురు కనిపిస్తుంటే రబ్బరు పట్టీ కొట్టించండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది.

ఇక పోగులు. ఇటుకలు, కొబ్బరి మట్టలు, పగిలిన కుండీలు, ఖాళీ మామిడి పెట్టెలు ప్రహరీ గోడకు ఆనించి పెట్టడం మనకు అలవాటు. తీసేయలేకపోతే ఇనుప స్టాండు మీద నేలకు అడుగు ఎత్తున, గోడకు అడుగు దూరంలో పెట్టండి. వాటిని కదిపేటప్పుడు ఒక పద్ధతి ఉంది: చెక్కైనా రేకైనా దాని అవతలి అంచును పట్టుకుని మీ వైపుకు ఎత్తండి. అప్పుడు తెరుచుకునే సందు అవతలి వైపు ఉంటుంది, మీకూ పాముకూ మధ్య ఆ చెక్క అడ్డంగా ఉంటుంది. పనిమనిషికి, తోటమాలికి కూడా ఇది చూపించండి. చేతులు పెట్టేది వాళ్ళే.

ఫినాయిల్, గంధకం, కార్బాలిక్ యాసిడ్, నాఫ్తలీన్ ఉండలు చల్లితే పాములు రావని చెబుతారు. ఈశ్వరి మొక్క పెంచితే రావంటారు. వీటిని నమ్ముకుని తూముకు జాలీ పెట్టించడం మానకండి. కార్బాలిక్ యాసిడ్‌తో పిల్లల చర్మం కాలుతుంది, పాము మాత్రం పక్కనుంచి వెళ్ళిపోతుంది.

చివరిగా పడక. కట్లపాము రాత్రి తిరుగుతుంది. కింద పడుకున్నవాళ్ళ పక్కలోకి వచ్చి, వాళ్ళు అటూ ఇటూ పొర్లినప్పుడు కరుస్తుంది. మంచం మీద పడుకోండి. దోమతెర అంచులను పరుపు కిందికి దోపండి. దోమకూ పాముకూ ఒకే తెర. రాత్రి లేస్తే టార్చ్ వేశాకే కాలు కింద పెట్టాలి. వానాకాలంలో, వరద తరవాత, బయట పెట్టిన బూట్లను దులిపి వేసుకోవాలి.

రెండో పని: పాము కనిపించినప్పుడు

అందరి నోటా మొదట వచ్చే మాట "కర్ర తీసుకురా". పాముకాట్లలో కొన్ని సరిగ్గా అక్కడే జరుగుతాయి, చంపబోయి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పామును చంపడం నేరం.

బయట కనిపిస్తే కనీసం పది అడుగుల దూరంలో ఆగండి. పిల్లలను, కుక్కను లోపలికి పంపండి. దానికి దారి వదిలితే చాలాసార్లు అదే వెళ్ళిపోతుంది. నాగుపాము పడగ విప్పితే భయపెడుతోందని అర్థం, వెంటపడుతుందని కాదు. కదలకుండా ఒక్క క్షణం నిలబడి, నెమ్మదిగా వెనక్కి నడవండి. ప్రెషర్ కుక్కర్ ఆవిరి పోతున్నట్టు పెద్ద బుస వినిపిస్తే అది రక్తపింజర కావచ్చు. ఒంటి మీద గొలుసులా మచ్చలుంటాయి, లావుగా ఉంటుంది, చాలామంది కొండచిలువ పిల్ల అనుకుని దగ్గరికి పోతారు. ఆ పొరపాటు చేయకండి.

ఇంట్లో కనిపిస్తే ఇలా చేయండి. ఒకరు దూరం నుంచి దాని మీద చూపు తిప్పకుండా ఉండాలి. ఎక్కడికి దూరిందో తెలియకపోతేనే అసలు టెన్షన్. మిగతావాళ్ళు బయటికి రావాలి. ఆ గది తలుపు వేసి, కింద సందులో గుడ్డ కుక్కాలి. తరవాత అటవీ శాఖకో, మీ ప్రాంతంలో పాములు పట్టేవాళ్ళకో ఫోన్ చేయాలి. ఆ నంబరు పాము వచ్చాక వెతికేది కాదు. ఈ రోజే కనుక్కుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. వాళ్ళకు చెప్పాల్సినవి: ఏ గదిలో ఉంది, ఎంత పొడవు, కదులుతోందా, గదిలో ఎన్ని వస్తువులున్నాయి. వీలైతే దూరం నుంచి ఒక ఫోటో. దగ్గరికెళ్ళి వీడియో తీయకండి.

ఇది కట్లపామా, విషం లేని గీతల పామా అని తేల్చుకునే ప్రయత్నం మీరు చేయొద్దు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, తెలిసినవాళ్ళే తడబడతారు. తెలియని ప్రతి పామునూ విషసర్పంగానే చూడండి.

నాగుల చవితికి ఒక మాట. మా అమ్మ ఏటా పుట్టకు వెళ్తుంది, నేనూ వెంట వెళ్తాను. పాములు పాలు తాగవు. పుట్ట కన్నంలో లీటర్ల కొద్దీ పాలు పోస్తే లోపల ఉన్నది ఊపిరాడక బయటికి వస్తుంది, చుట్టూ జనం ఉంటారు. కాసిని పాలు పుట్ట మొదట్లో పోసి దణ్ణం పెట్టుకుంటే పూజకు లోటు రాదు. పామాడించేవాళ్ళ బుట్టలో పాముకు డబ్బులు వేయకండి, చాలావాటికి కోరలు పీకేసి ఉంటారు.

మూడో పని: కాటు పడితే

ఈ భాగాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

తెనాలి దగ్గర పొలంలో మా మేనమామకు కాలి మీద పాము కరిచింది. ఊళ్ళో వాళ్ళు మోకాలి పైన తాడు బిగించి కట్టి, పసరు మందు వేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ రెండు గంటలు పోయాయి. కాలు నల్లబడ్డాక గుంటూరు సర్వజనాసుపత్రికి తీసుకొచ్చారు. ప్రాణం దక్కింది. కానీ కట్టిన చోట కింద కండ చచ్చిపోయి, ఇప్పటికీ కుంటుతూ నడుస్తాడు. ఆ రెండు గంటలూ, ఆ తాడూ లేకపోతే ఆ కాలు బాగుండేది. అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

పాముకు దూరంగా జరిగి, కరిపించుకున్న మనిషిని కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, వాచీ తీసేయండి. వాపు వచ్చాక అవి రావు, రక్తం ఆడనివ్వవు. కరిచిన చెయ్యినో కాలినో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్రతోనో గట్టి అట్టతోనో ఆనించి, గుడ్డతో వదులుగా కట్టండి. ఉద్దేశం కదలకుండా ఉంచడమే, రక్తం ఆపడం కాదు. కరిచిన టైమ్ ఫోన్‌లో రాసుకోండి. 108కి ఫోన్ చేయండి. బండి రావడం ఆలస్యమయ్యేలా ఉంటే ఆటో, కారు, ఏది దొరికితే అది ఎక్కించండి. ఏమీ లేకపోతే బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. నడిపించకండి.

తాడు కట్టొద్దు. బ్లేడుతో కోయొద్దు. నోటితో పీల్చొద్దు. ఐసు పెట్టొద్దు. పసరు, నాటు మందు, మంత్రం దగ్గర ఒక్క నిమిషం ఆగొద్దు. నొప్పి తగ్గడానికి మాత్రలు వేయొద్దు, కొన్ని మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. పామును చంపి తీసుకెళ్ళాల్సిన అవసరమూ లేదు. మన దగ్గర వాడే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారైనదే.

విజయవాడ, గుంటూరు సర్వజనాసుపత్రుల్లో ఈ మందు ఉచితంగా ఇస్తారు. అక్కడ గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందో లేదో చూస్తారు. కట్టకపోతే పింజర విషం ఎక్కినట్టు. ఆ ఇరవై నిమిషాలు ఎవరూ పట్టించుకోవడం లేదని గొడవ పడకండి, అది పరీక్షే. లక్షణాలు లేకపోయినా ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలోనే ఉండమంటారు, ఉండండి.

కట్లపాము కాటు గురించి ఒకటి గుర్తు పెట్టుకోండి. నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. రాత్రి కింద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి అంటాడు, మింగలేకపోతాడు, కనురెప్పలు వాలిపోతుంటాయి. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. కనురెప్పలు వాలుతున్నాయంటే తరవాత ఆగేది ఊపిరి.

నాలుగో పని: కోతులు

ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీదైనా, ఉండవల్లి గుహల దగ్గరైనా గమనించండి. కోతి మనిషిని చూడదు, చేతిలో కవరును చూస్తుంది. చప్పుడయ్యే ప్లాస్టిక్ కవరంటే కొబ్బరి చిప్పో అరటిపండో అని దానికి మనమే నేర్పాం. ఒకసారి కొండ మెట్ల మీద ఒక పాప చేతిలో ప్రసాదం పొట్లం పట్టుకుని వెళ్తోంది. పెద్ద కోతి పక్కనుంచి వచ్చి ముందు పాప మోచేతి మీద చెయ్యి వేసింది, చాలా మెత్తగా, మనిషిలాగే. పాప పొట్లాన్ని గుండెకు హత్తుకుంది. అప్పుడు కోతి పళ్ళు చూపించింది. వాళ్ళ నాన్న "వదిలెయ్యమ్మా" అన్నాడు, పాప వదిలేసింది, కోతి వెళ్ళిపోయింది. ఆయన చేసింది సరైన పని. కోతి పట్టుకున్నది వదిలేయాలి.

కొండకు వెళ్ళేటప్పుడు ప్రసాదం, కొబ్బరి చిప్పలు జిప్పున్న గుడ్డ సంచిలో పెట్టుకోండి. కోతి దగ్గరికి వస్తే ఖాళీ అరచేతులు చూపించండి. కళ్ళలోకి చూడొద్దు, పళ్ళు కనిపించేలా నవ్వొద్దు, అది దానికి బెదిరింపు. పరుగెత్తొద్దు. పిల్లకోతికీ తల్లికీ మధ్యలోకి అసలు వెళ్ళొద్దు.

తిండి పెట్టడం ఆపమంటే చాలామందికి బాధ కలుగుతుంది. హనుమంతుడి మీద భక్తితో పెడతారు, ఆ భక్తిని నేను తప్పుపట్టను. కానీ మనం మంగళవారం, శనివారం పెట్టే అరటిపళ్ళు మిగతా ఐదు రోజులూ వాటిని పక్క వీధి వంటిళ్ళలోకి పంపుతాయి. అక్కడ వాటికి దెబ్బలు, కరెంటు షాకులు.

ఇంటి విషయానికొస్తే వేసవిలో డాబా మీద వడియాలు, మిరపకాయలు, ఆవకాయ ముక్కలు ఆరబెట్టే రోజుల్లో మనిషి కాపలా ఉండాలి, లేదా ఇనుప జాలీ పెట్టెలో ఆరబెట్టాలి. వాటర్ ట్యాంక్ మూతకు గడియ పెట్టించండి. జామ, సపోటా కాయలు పక్వానికి రాగానే కోసేయండి. బాల్కనీకి తగిలే కొమ్మలను కొట్టించండి. కోతి వంటింట్లోకి వచ్చేస్తే తలుపు మూయకండి. బయటికి పోయే దారి తెరిచి మీరు పక్కకు తప్పుకోండి. మూలకు తోస్తేనే కరుస్తుంది. కోతులను బెదిరించడానికి కొండముచ్చును తెచ్చి కట్టేయడం చట్టం ఒప్పుకోదు.

కరిచినా గీరినా వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని పదిహేను. కారం, పసుపు, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తరవాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోనే ఇచ్చే మరో ఇంజెక్షన్ కూడా అవసరం, అడగండి. కుక్క, పిల్లి, ముంగిస కరిచినా ఇదే.

తేనెపట్టు

అపార్ట్‌మెంట్ పైఅంతస్తు స్లాబు కింద, ట్యాంక్ కింద వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగలది. పూత కాలం అయిపోయాక అవే ఎగిరిపోతాయి. తలుపుకు దూరంగా ఉంటే వదిలేయడమే మేలు. కిందున్న ఫ్లాట్లవాళ్ళకు చెప్పండి. రాత్రి ఆ వైపు లైటు ఆర్పండి, తెర వేయండి, వెలుతురుకు వస్తాయి. అక్కడ డ్రిల్లింగ్, టపాసులు, పొగ వద్దు. కాగడా పెట్టి కాల్చేవాళ్ళను అసలు పిలవొద్దు, వీధంతా కుట్టించుకుంటుంది. తప్పనిసరిగా తీయాల్సి వస్తే చంపకుండా తీసే పనివాళ్ళతో చీకటి పడ్డాకే తీయించండి.

గుంపుగా మీద పడితే గుడ్డతో ముఖం కప్పుకుని నేరుగా దగ్గరున్న గదిలోకో కారులోకో పరుగెత్తండి. చేత్తో కొట్టకండి, నలిగిన ఈగ వాసనకు మిగతావి ఇంకా వస్తాయి. నీళ్ళలో దూకొద్దు, పైనే కాచుకుని ఉంటాయి. ముల్లును గోటితో వెంటనే గీకేయండి. పదుల సంఖ్యలో కుట్టినా, ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా 108.

రాత్రి అటక మీద చప్పుడైతే

దొంగ కాదు, చాలాసార్లు మానుపిల్లి. ఎలుకలు, పళ్ళు తింటుంది, మనిషి జోలికి రాదు. అది తిండికి బయటికి పోయిందని తెలిసిన రాత్రి, పిల్లలు లేవని చూసుకుని కన్నం మూయండి. ఉడుముకు విషం లేదు. మాంసం కోసమో నూనె కోసమో చంపితే కఠినమైన శిక్ష పడుతుంది. దారి వదలండి, వెళ్ళిపోతుంది. గుడ్లగూబ అరిస్తే ఇంట్లో ఎవరో పోతారన్నది మన భయమే. మా వీధి చివర పాత ఇంటి మీద జంట ఉంది, ఆ వరుస ఇళ్ళలో ఎలుకల గొడవ తక్కువ. గబ్బిలం కింద పడితే వట్టి చేత్తో పట్టుకోకండి. అవి కొరికి పడేసిన జామకాయలు, సపోటాలు పిల్లలు తినకుండా చూడండి, వాటి ఎంగిలితో జబ్బులు రావచ్చు. కల్లు కుండలకు మూత ఉండాలనేది కూడా అందుకే.

మే నెలలో పక్షులు

బెజవాడ ఎండ నలభై ఐదు దాటిన రోజుల్లో గద్దలు, చిలకలు సోలి కింద పడతాయి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోయి చనిపోతాయి. గుడ్డతో మెల్లగా ఎత్తి, కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో వేసి, నీడలో చప్పుడు లేని చోట ఉంచండి. పక్కన లోతు లేని మూకుడులో నీళ్ళు పెట్టండి. గద్దకు గోళ్ళున్నాయి, మందపాటి తువ్వాలు వాడండి. ఎండ తగ్గాక సాయంత్రం డాబా మీద పెట్టె మూత తీసి పక్కకు జరగండి. ఎగరలేకపోతే అటవీ శాఖకు అప్పగించండి. చిలకను పంజరంలో ఉంచుకోవడం నేరం, జాలితో ఉంచినా సరే.

రోజూ నీళ్ళు పెట్టేవాళ్ళు మట్టి మూకుడును ఉదయం కడిగి కొత్త నీళ్ళు పోయండి. దోమ పిల్లలు పెరగకుండా రాత్రికి బోర్లించండి. మధ్యలో ఒక రాయి వేయండి, తేనెటీగలు దాని మీద వాలి మునగకుండా తాగుతాయి.